దరఖాస్తులో పట్టని ఇల్లు

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా అక్క కూతురు లాప్‌టాప్ నా ముందు పెట్టి, "పిన్నీ, ఈ కవర్ లెటర్ ఒకసారి చూసిపెట్టవా?" అంది. ఎంబీఏ చేసి, ఒక కన్సల్టింగ్ కంపెనీలో నాలుగేళ్ళు పనిచేసి, పాప పుట్టాక మానేసింది. మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఆ రంగంలోకే వెళ్దామని దరఖాస్తులు పెడుతోంది. ముప్ఫై ఏళ్ళు పిల్లల ఇంగ్లీషు వ్యాసాలు దిద్దినదాన్ని, ఇదెంతలే అనుకున్నాను. కానీ ఆ కాగితం వ్యాకరణమే వేరు. రెజ్యూమె ఒక్క పేజీ దాటకూడదట. ప్రతి వాక్యం 'నడిపాను, తగ్గించాను, పెంచాను' అని క్రియతోనే మొదలవ్వాలట. దాని వెనకాలే ఒక అంకె ఉండాలట. ఎంత శాతం ఖర్చు తగ్గింది, ఎన్ని కోట్లు మిగిలాయి అని.

"మరి ఈ మూడేళ్ళకి ఏం రాయను? నిద్ర డెబ్భై శాతం తగ్గించాను అనా?" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ ఖాళీ నన్ను చాలా రోజులు వదల్లేదు.

మన ఇళ్ళల్లో 'బయోడేటా' అన్న మాట ఉద్యోగానికీ పెళ్ళి సంబంధానికీ కూడా వాడతాం. ఒకే అమ్మాయి, రెండు కాగితాలు. పెళ్ళి కాగితంలో ఉద్యోగం ఒక నగ. ఉద్యోగం కాగితంలో పెళ్ళి ఒక అనుమానం. ఈ అనుమానం ఎప్పటిదో చూద్దామని వెనక్కి వెళ్తే, కన్సల్టింగ్ వృత్తి పుట్టిన చోటే, ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళ అమెరికాలోనే, లిలియన్ గిల్‌బ్రెత్ ఎదురైంది.

లిలియన్, ఆమె భర్త ఫ్రాంక్ కలిసి ఫాక్టరీల్లో కార్మికుల కదలికలను సినిమా తీసి, ఏ పని ఎన్ని కదలికల్లో అవుతుందో లెక్కగట్టి యజమానులకు సలహాలు అమ్మేవారు. (ఆ లెక్కలు కార్మికుడి ఒంటికి ఎంత మేలు చేశాయి, యజమాని జేబుకి ఎంత చేశాయి అన్నది వేరే చర్చ.) ఫ్రాంక్ కాలేజీ మొహం చూడలేదు. చదువు ఆమెది. నిర్వహణకు మనస్తత్వశాస్త్రాన్ని జోడిస్తూ ఆమె రాసిన పుస్తకం 1914లో అచ్చయినప్పుడు రచయిత పేరు 'ఎల్.ఎం. గిల్‌బ్రెత్' అనే పడింది. ఆడమనిషి అని తెలిస్తే వ్యాపారస్తులు చదవరని ప్రచురణకర్త భయం. మరుసటి ఏడు, 1915లో, ఆమె బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి పిహెచ్‌డి పట్టా అందుకుంది. మధ్యలో కాన్పులు ఆగలేదు. పన్నెండుమంది పిల్లల్ని పెంచిన తల్లి, అందులో ఒక పాప చిన్నతనంలోనే పోయింది.

1924 జూన్‌లో ఫ్రాంక్ హఠాత్తుగా చనిపోయాడు. ఇంట్లో పదకొండుమంది పిల్లలు. కొద్దిరోజులకే ఆమె ఓడెక్కి యూరప్ వెళ్ళి, ప్రాగ్‌లో జరిగిన అంతర్జాతీయ నిర్వహణ మహాసభలో భర్త స్థానంలో నిలబడింది. తిరిగొచ్చేసరికి కంపెనీలు ఒక్కొక్కటే ఒప్పందాలు వదిలేసుకుంటున్నాయి. ఇరవై ఏళ్ళ పని, పుస్తకాలు, డాక్టరేటు అన్నీ ఉన్నాయి. లేనిది పక్కన మొగుడు. నాకు ఇక్కడ కోపం రావడం కంటే ముందు ఆశ్చర్యం వేసింది: ఆ పనిలో సగం ఎవరు చేశారో ఆ కంపెనీలకు తెలియదా?

తలుపులు మూసుకున్నాక ఆమె ఏం చేసిందన్నది నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యం. దాచమన్నదాన్నే ముందుకు తెచ్చింది. 1926లో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ కోసం, నెలసరి గుడ్డల బదులు వాడే పాడ్‌లు ఎలా ఉండాలో స్త్రీలనే అడిగి తెలుసుకుంది. మేసీస్ దుకాణంలో గల్లాపెట్టెల దగ్గర కూర్చునే అమ్మాయిల పనిని పరిశీలించింది. వంటగదిలో పొయ్యి, సింకు ఎంత ఎత్తున ఉంటే నడుం నొప్పి రాదో తేల్చడానికి జనరల్ ఎలక్ట్రిక్ తరఫున నాలుగు వేల పైచిలుకు స్త్రీలతో మాట్లాడింది. మనిషి మారలేదు, నైపుణ్యం మారలేదు. దాని మీద చీటీ మాత్రం 'ఇంజనీరు' నుంచి 'ఇల్లాలు'కి మారింది. అసలు తమాషా ఏమిటంటే, ఆవిడకి వంట సరిగ్గా రాదు. ఆ ఇంట్లో వంటింటి పని ఇతరుల చేతుల మీదుగానే నడిచేది. ఏ ఇల్లాలితనాన్ని నమ్మి కంపెనీలు పిలిచాయో అదీ ఒక రకంగా ఆమె రాసుకున్న రెజ్యూమేనే. ఆమె పనిలో నిలబడిందే గానీ ఈ బేరం న్యాయమైనదని నేననలేను. ఆమెకి ఇల్లు అమ్ముకునే వీలు దొరికింది. మిగతా ఆడవాళ్ళకి?

మన వైపు చూస్తే ఎ. లలిత గుర్తొస్తుంది. పద్దెనిమిదేళ్ళకే, చేతిలో పసిపిల్లతో భర్తను పోగొట్టుకున్న తెలుగమ్మాయి. 1943లో మద్రాసు గిండీ కాలేజీ నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరుగా బయటికి వచ్చింది. ఆ పట్టా మీద అచ్చయి ఉన్న 'అతడు'ని కొట్టేసి 'ఆమె' అని రాయవలసి వచ్చిందట. ఆ తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ఏళ్ళ తరబడి పనిచేసింది. భాక్రా నంగల్ పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. కలకత్తానే ఎందుకంటే, అక్కడ అన్నయ్య కుటుంబం ఉండేది, పిల్లని చూసుకోవడానికి వదిన ఉండేది. లలిత రెజ్యూమె ఎవరైనా రాస్తే కంపెనీ పేరు ఉంటుంది, డ్యాము పేరు ఉంటుంది. వదిన ఉండదు.

అయితే ఖాళీలు లేకపోతే సరిపోతుందా? ప్రైస్ వాటర్‌హౌస్‌లో పనిచేసిన ఆన్ హాప్కిన్స్ రెజ్యూమెలో ఖాళీల్లేవు. ముగ్గురు పిల్లల తల్లి అయినా, అమెరికా విదేశాంగ శాఖ నుంచి సుమారు రెండున్నర కోట్ల డాలర్ల కాంట్రాక్టు కంపెనీకి రావడంలో ప్రధాన పాత్ర ఆమెదే. 1982లో భాగస్వామి హోదాకి ప్రతిపాదించిన 88 మందిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. అప్పటికే ఉన్న 662 మంది భాగస్వాముల్లో స్త్రీలు ఏడుగురు. ఆమెని పక్కన పెట్టారు. ఇంకాస్త ఆడదానిలా నడవమనీ, మాట్లాడమనీ, మేకప్ వేసుకోమనీ, నగలు పెట్టుకోమనీ సలహా ఇచ్చారు. ఆమె కోర్టుకెక్కింది. 1989లో అమెరికా సుప్రీంకోర్టు, ఆడది ఇలా ఉండాలన్న మూస అభిప్రాయాలతో తీసుకునే నిర్ణయం వివక్షేనని గుర్తించింది. 1990లో కింది కోర్టు ఆమెని భాగస్వామిగా తీసుకోమని ఆదేశించింది.

ఇక అచ్చంగా రెజ్యూమె, కవర్ లెటర్ల మీదే జరిగిన ఒక పరిశోధన ఉంది. షెల్లీ కారెల్, మరో ఇద్దరు పరిశోధకులు 2007లో ప్రచురించారు. అన్ని అర్హతలూ సమానంగా ఉండేట్టు కల్పిత దరఖాస్తులు తయారుచేసి నిజం ఉద్యోగ ప్రకటనలకి పంపారు. తేడా ఒక్కటే. ఒకదాంట్లో ఆ వ్యక్తికి పిల్లలున్నారని తెలిసే సూచన: బడిలో తల్లిదండ్రుల సంఘంలో పనిచేసినట్టు రెజ్యూమెలో ఒక వాక్యం, కుటుంబంతో ఊరు మారుతున్నట్టు ఉత్తరంలో ఒక ముక్క. పిల్లల్లేని స్త్రీలకి, తల్లులతో పోలిస్తే రెండింతలకు పైగా పిలుపులొచ్చాయి. తండ్రులకి ఆ వాక్యం వల్ల నష్టమేమీ జరగలేదు. సంఘంలో చేసిన పనిని నాయకత్వ లక్షణంగా చూపించుకోమని కెరీర్ సలహాదారులు చెప్తూ ఉంటారు. ఎవరి నాయకత్వం?

2022లో లింక్డ్‌ఇన్ ఉద్యోగ విరామాన్ని కూడా ఒక గడిగా చేర్చింది. పిల్లల పెంపకం, సంరక్షణ అని కారణం ఎంచుకోవచ్చు. గడి వచ్చింది, మంచిదే. దాన్ని చదివే కళ్ళు ఎవరివన్నదే నా బెంగ.

ఇదంతా చెప్తే మా అక్క కూతురు ఓపిగ్గా విని, "కథలు బాగున్నాయి పిన్నీ, గడువు ఈ రాత్రి పన్నెండింటికి" అంది. పాప దాని ఒళ్ళో అడ్డంగా పడుకుని నిద్రపోతోంది. ఒంటి చేత్తో టైపు చేస్తోంది. మూడు రకాలుగా రాసి చూశాం. మొదటిదాంట్లో క్షమాపణ వినిపించింది. రెండోదాంట్లో, ఇంటి చాకిరీని 'బహుముఖ కార్యనిర్వహణ' లాంటి మాటల్లోకి దించితే, మాకే నవ్వొచ్చింది. చివరికి ఒక్క వాక్యం మిగిలింది: మూడేళ్ళు నా కూతుర్ని పెంచాను, ఇప్పుడు పూర్తికాలం పనికి సిద్ధంగా ఉన్నాను. అంకె లేదు, విశేషణం లేదు. పదకొండూ యాభైకి పంపింది.

మరో రెండు కంపెనీలకి మాత్రం ఆ వాక్యం తీసేసి పంపానని వారం తర్వాత ఫోన్లో చెప్పింది. నేనేమీ అనలేదు. ఇంకా ఎక్కణ్ణుంచీ జవాబు రాలేదు.