కోట్ల ఆటగాళ్ళ మీద మన కోపం: దాని వెనక ఉన్న చరిత్ర

ఇయ్యాల శుక్రవారం, డ్యూటీ లేదు, అందుకే కొంచెం పెద్ద పోస్టు రాస్తున్న. ఓపికతో చదవండి.

క్యాంపులో మ్యాచ్ చూసేటప్పుడు ఒక మాట ప్రతిసారీ వస్తది. పెద్ద స్టార్ ఈజీ గోల్ మిస్ చేసి నవ్వుకుంట పోతే, "వానికేందన్నా, ఆడినా కోట్లే, ఆడకున్నా కోట్లే" అంటరు. ఈ కోపం మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండు, ఫ్రాన్సుల టికెట్ కొని చూసే జనానికి ఇంకా ఎక్కువ ఉన్నది. అయితే మనలో చాలామందికి తెల్వని సంగతి ఒకటుంది. ఒకప్పుడు ఆ ఆటగాళ్ళకు కూడా మన కఫీల్ పద్ధతి లాంటిదే ఉండేది.

ఇంగ్లండులో 1901లో ఒక రూల్ పెట్టిండ్రు. ఎంత గొప్ప ఆటగాడైనా వారానికి 4 పౌండ్లకు మించి జీతం ఇవ్వొద్దు. ఆ పరిమితి మెల్లగా పెరిగి, 60 ఏళ్ళకు 20 పౌండ్లు అయింది. ఆటలు లేని ఎండాకాలంలో అయితే 17. స్టేడియాలు నిండిపోయేవి, గేటు డబ్బు మాత్రం క్లబ్బు ఓనర్లకే పోయేది. చాలామంది ఆటగాళ్ళు అభిమానులతోపాటు బస్సులోనే గ్రౌండుకు పోయేటోళ్ళు.

జీతం కంటే ఘోరం ఇంకోటి. కాంట్రాక్టు అయిపోయినా క్లబ్బు ఆటగాని రిజిస్ట్రేషన్ తన దగ్గరే పెట్టుకోవచ్చు. క్లబ్బు ఒప్పుకోకుంటే వేరే క్లబ్బులో ఆడరాదు. ఇక్కడ ఆడనంటే జీతం బంద్. రిలీజ్ ఇవ్వని కంపెనీ కింద పనిచేసిన వాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర లేదు.

జార్జ్ ఈస్ట్‌హమ్ అనే ఆటగాడు 1960లో న్యూకాజిల్ క్లబ్బును వదిలిపోతా అన్నడు. క్లబ్బు ఒప్పుకోలేదు. ఆయన ఆడుడు బంద్ పెట్టి, తెలిసినాయన దగ్గర బెండు అమ్మే పనిలో చేరిండు. నెలల తర్వాత క్లబ్బు దిగొచ్చి 47,500 పౌండ్లకు ఆర్సెనల్‌కు ఇచ్చింది. తన పని అయిపోయింది కదా అని ఆయన ఊకోలేదు. యూనియన్ తోడుగా కేసు నడిపిండు. 1963లో జడ్జి విల్బర్‌ఫోర్స్ ఆ పద్ధతి మనిషి బతుకుదెరువును అన్యాయంగా అడ్డుకుంటుందని తీర్పు ఇచ్చిండు.

ఈలోపే జీతం పరిమితి కూడా పోయింది. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ళ యూనియన్ సమ్మెకు సిద్ధమైంది. అప్పటి మీటింగ్ ఒకటి బాగా చెప్పుకుంటరు. ఒక కుర్రోడు లేచి, మా నాయిన బొగ్గు గనిలో చేస్తడు, ఆయనకు నాకంటే తక్కువ వస్తది, నాకు ఈ 20 చాలు అన్నడట. బోల్టన్ ఆటగాడు టామీ బ్యాంక్స్ తానూ గనిలో చేసినోడే. ఆయన లేచి, మీ నాయిన బొగ్గు తవ్వుతుంటే చూడనీకి వేలమంది టికెట్ కొంటున్నరా అని అడిగిండట. 1961 జనవరిలో ఓనర్లు తలవంచిండ్రు. ఫుల్‌హమ్ క్లబ్బు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది.

తర్వాత బెల్జియంకు చెందిన బోస్మన్. 1990లో కాంట్రాక్టు అయిపోయినా, ఫ్రాన్సు క్లబ్బుకు పోతా అంటే పాత క్లబ్బు డబ్బు అడిగి ఆపేసింది. కోర్టులో అయిదేళ్ళు కొట్లాడి 1995 డిసెంబరులో గెలిచిండు. కాంట్రాక్టు ముగిసినోడు యూరప్‌లో ఫ్రీగా పోవచ్చని తీర్పు. ఒకప్పుడు క్లబ్బు జేబులో పడే డబ్బు ఆటగాని చేతికి రాసాగింది. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైనప్పటి నుంచి టీవీ డబ్బు కూడా వరదలా వస్తుండె. బోస్మన్ ఆట అప్పటికే పాడైపోయింది, కోట్లు సంపాదించింది మాత్రం వెనకొచ్చినోళ్ళు.

మరి ఇది హక్కు అయితే జనానికి కోపం ఎందుకు? 2006లో ఆష్లీ కోల్ తన పుస్తకంలో రాసిండు. ఆర్సెనల్ వారానికి 55,000 పౌండ్లే ఇస్తామన్నదని ఫోన్‌లో విని, కోపంతో కారు రోడ్డు దిగేంత పనైందట. ఆయనకు కావల్సింది 60,000. చిన్నప్పటి నుంచి పెంచిన క్లబ్బును వదిలి చెల్సీకి పోయిండు. అభిమానులు నకిలీ నోట్లు ఊపి ఎగతాళి చేసిండ్రు.

2010 వరల్డ్ కప్‌లో ఫ్రాన్సు టీం ఇంకా పరువు తీసింది. కోచ్‌ను తిట్టిన అనెల్కాను ఇంటికి పంపిండ్రని, దక్షిణాఫ్రికాలోని నైస్నాలో ఆటగాళ్ళు ప్రాక్టీస్ చెయ్యకుండ బస్సులో కూసున్నరు. వాళ్ళ లేఖను చివరికి కోచే పత్రికలోళ్ళకు చదివి వినిపించాల్సి వచ్చింది. టీం గ్రూపులో ఆఖరు. ఫ్రాన్సు జనం వాళ్ళను చాలా ఏండ్లు క్షమించలేదు.

ఈస్ట్‌హమ్‌ది కూడా ఆడనని మొండికేసుడే, వీళ్ళది కూడా అదే. కానీ ఈస్ట్‌హమ్ కొట్లాట వెనకొచ్చే ఆటగాళ్ళందరికీ పనికొచ్చింది. నైస్నా బస్సులో కూసున్నోళ్ళు తమను నమ్మి చూసే జనాన్నే మర్చిపోయిండ్రు. నాకు అర్థమైనంతవరకు, జనానికి మండింది జీతం చూసి కాదు, ఆ లెక్కలేనితనం చూసి.

ఇంకో సంగతి. ఆటగాని మీద కోపంలో పడితే ఓనర్ కనబడడు. లివర్‌పూల్ అభిమానులు 2016లో సరైన పని చేసిండ్రు. టికెట్ 77 పౌండ్లు చేస్తమని ఓనర్లు అంటే, మ్యాచ్ 77వ నిమిషంలో సుమారు 10,000 మంది లేచి బయటికి పోయిండ్రు. కొన్ని రోజులకే ఓనర్లు క్షమాపణ చెప్పి రేటు వాపసు తీసుకున్నరు.

ఇప్పుడు మన సంగతి. 2017లో ఖతర్ డబ్బుతో నడిచే పారిస్ క్లబ్బు నెయ్‌మార్ కోసం 22.2 కోట్ల యూరోలు కట్టింది. మన రియాళ్ళల్ల 90 కోట్ల పైమాట. 2021 నుంచి ఇక్కడ కనీస జీతం నెలకు 1,000 రియాళ్ళు. ఆ లెక్కన ఒక హెల్పర్ అంత సంపాదించాలంటే 75,000 ఏండ్లు పడతది. ఇది చూస్తే ఎవరికైనా కడుపు మండుతది. కానీ మన జీతం నెయ్‌మార్ ఆపలేదు. ఆ పైసలు ఎవరివి, ఎక్కడ పెట్టాలో నిర్ణయించింది ఎవరు అన్నది చూడాలె.

ఇక్కడ మనకు యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. అయినా 2020 సెప్టెంబరులో చట్టం మారింది, పాత కంపెనీ ఎన్.ఓ.సి. లేకుండ వేరే కంపెనీకి మారొచ్చు. వరల్డ్ కప్ వల్ల ప్రపంచం కండ్లు ఇటు పడుడు దానికి పెద్ద కారణం. కాగితం మీద వచ్చిన ఆ హక్కు కూడా అడిగినోనికే దక్కుతది. మన రూముల్లో ఇంకా రిలీజ్ లెటర్ కోసం ఎదురుచూస్తున్న తమ్ముడు ఎవరన్నా ఉంటే ఈ ముచ్చట చెప్పండి. మీ అభిప్రాయం కింద రాయండి, తిట్టినా పర్వాలేదు.