పల్లె జనాభా: అంకెలు చెప్పే చరిత్ర

ఒక చిన్న పల్లె చరిత్ర తెలుసుకొనగోరేవారికి శాసనాలు, తాళపత్రాలు దొరకకపోవచ్చును. కాని పదేండ్లకొకసారి తీసిన జనాభా లెక్కలు దాదాపు ప్రతి పల్లెకూ ఉన్నవి. చదువ నేర్చిన వారికి ఆ అంకెలే చరిత్ర.

పల్లెలో మనుషులను లెక్కించుట మన దేశంలో కొత్త కాదు. ఐదు లేక పది గ్రామాలకు ‘గోపుడు’ అనే ఉద్యోగి ఉండి, రైతులెందరు, వర్తకులెందరు, చేతిపనివారెందరు, పశువులెన్ని అని వ్రాసిపెట్టవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించినది. పన్నులే దాని ముఖ్యోద్దేశం.

ఆధునిక కాలంలో దేశమంతటా ఒకేసారి జరిగిన మొదటి జనగణన 1881 ఫిబ్రవరి 17 నాటిది. 1931 వరకు ఈ గణన ఒక్క రాత్రి లెక్కగా సాగినది. వెన్నెల ఉండి, పెద్ద తిరునాళ్లు, పెండ్లి ముహూర్తాలు లేని రాత్రిని ఎన్నుకొనేవారు. గణకులు ముందుగానే ఇండ్లకు నంబర్లు వేసి, పేర్లు వ్రాసుకొని, ఆ రాత్రి మరల తిరిగి పుట్టినవారిని చేర్చి, చనిపోయినవారిని కొట్టివేసేవారు. 1941లో ఈ ఒక్క రాత్రి పద్ధతిని విడిచిపెట్టినారు.

ఈ లెక్కలన్నింటిలో 1921 నాటిది ప్రత్యేకమైనది. నేటి భారతదేశపు ఎల్లలలో 1911లో 25.21 కోట్లున్న జనాభా, 1921లో 25.13 కోట్లకు తగ్గినది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఇందుకు ముఖ్య కారణం. వెయ్యిమంది గల పల్లెను ఊహించుకొందాం. ఆనాటి సగటు రేట్ల ప్రకారం అక్కడ ఏడాదికి 48 మంది పుట్టగా 47 మంది చనిపోయేవారు. అనగా ఊయలలెన్ని ఊగినా ఊరు పెరగలేదు. 2011 నాటి రేట్ల ప్రకారం అంతే పల్లెలో పుట్టేవారు 22 మంది, చనిపోయేవారు 7 గురు. కాన్పులు సగానికి పైగా తగ్గినా ఊరు పెరుగుచున్నది. టీకాలు, కరువు నివారణ, మలేరియా అదుపు మొదలైనవి మరణాలను అంతకంటె వేగంగా తగ్గించుటయే దీనికి కారణం.

అయితే చిన్న పల్లె అంకెలను జాగ్రత్తగా చదువవలెను. ఒక పల్లెలో ఆరేండ్లలోపు పిల్లలు 30 మంది అనుకొందాం. బాలికలు 16, బాలురు 14 అయినచో వెయ్యిమంది బాలురకు బాలికలు 1143 అగుదురు. ఇద్దరు తారుమారైతే అదే 875కు దిగును. ఇది కేవలం యాదృచ్ఛికం కావచ్చును. కాని దేశం మొత్తం మీద ఈ సంఖ్య 1991లో 945, 2001లో 927, 2011లో 919. కోట్ల పిల్లల లెక్కలో ఇట్టి వరుస తగ్గుదల యాదృచ్ఛికం కాజాలదు. ఆడపిల్ల పుట్టకముందే ఆమె రాకను అడ్డుకొన్న ఇండ్లు ఆ అంకెల వెనుక ఉన్నవి.

2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వలన వాయిదాపడినది. తరువాతి గణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా 2025లో ప్రకటించినారు.

1951 నుండి వెలువడిన జిల్లా జనగణన గ్రంథాలలో గ్రామాలవారీ వివరాలు కలవు. విద్యార్థులు తమ ఊరి జనాభాను వానినుండి వరుసగా వ్రాసుకొని, గీతపటం గీయవచ్చును. గీత ఒకచోట హఠాత్తుగా దిగినచో పెద్దలనడుగవలెను. కరువు వచ్చినదా? ఊరు జలాశయంలో మునిగినదా? యువకులు పట్నానికి వలసపోయినారా? అంకె ‘ఎంత’ అని మాత్రమే చెప్పును. ‘ఎందుకు’ అనునది ఊరే చెప్పవలెను.