రోడ్డుకి అడ్డంగా ఒక దూలం

దక్షిణం వైపు నుంచి ఇంగ్లండులోని మా స్టాంఫర్డ్‌లోకి వచ్చేవాళ్లు వెల్లండ్ నది వంతెన ఎక్కబోయే ముందు ఒక దూలం కింద నుంచి దూరి రావాలి. రోడ్డుకి ఆ పక్క నుంచి ఈ పక్కకి వేసిన ఆ దూలమే జార్జ్ హోటల్ బోర్డు. చూడ్డానికి ఉరికంబంలా ఉంటుంది. మర్యాదస్తులకి స్వాగతం, దారిదోపిడీ దొంగలకి హెచ్చరిక అని దానికో కథ చెబుతారు. నాకు మాత్రం అందులో వ్యాపారి తెలివే కనిపిస్తుంది. లండన్ నుంచి ఉత్తరాదికి పోయే రాదారి నెత్తిన పేరు రాసి పెడితే చూడకుండా పోయేదెవరు?

ఇప్పుడున్న సత్రాన్ని 1597లో తిరగగట్టించింది ఎలిజబెత్ రాణి మంత్రి విలియం సెసిల్. లోపలికి అడుగు పెడితే రెండు తలుపులు: ఒకదాని మీద లండన్ అని, ఇంకోదాని మీద యార్క్ అని రాసి ఉంటుంది. అవి గుర్రపు కోచ్‌ల కోసం కాచుకునే గదులు. బాగా నడిచిన రోజుల్లో అటు 20, ఇటు 20 కోచ్‌లు పోయేవి. గుర్రాల్ని మార్చేలోపు నాలుగు ముద్దలు మింగి పరిగెత్తాలి.

జార్జ్‌లో ఒక లావాటి మనిషి చిత్రపటం ఉంది. ఆయన డేనియల్ లాంబర్ట్, లెస్టర్‌లో జైలు అధికారిగా చేసినవాడు. బరువు 335 కిలోలు. ఉద్యోగం పోయాక, 1806లో లండన్‌లో తలకి ఒక షిల్లింగు తీసుకుని జనానికి దర్శనమిచ్చాడు. 1809 జూన్‌లో గుర్రప్పందాల వేళ ఇక్కడికి వచ్చి, వేగన్ అండ్ హార్సెస్ అనే సత్రంలో కింది అంతస్తు గదిలో దిగాడు, మెట్లెక్కలేడు మరి. కరపత్రాలు వేయించడానికి సాయంత్రం అచ్చాఫీసు వాడికి కబురుపెట్టి, తెల్లారేసరికి పోయాడు. అప్పటికి 39 ఏళ్లు. శవపేటికకి చక్రాలు బిగించారు. కిటికీ, గోడలో కొంత పడగొడితే గాని బయటికి రాలేదు. గోతిలోకి దించడానికి 20 మంది దాదాపు అరగంట తంటాలు పడ్డారు. సమాధి సెయింట్ మార్టిన్ చర్చి వెనక ఉంది. ఆయన పోయిన సత్రం ఇప్పుడు లేదు, బొమ్మ మాత్రం జార్జ్‌లో దర్జాగా వేలాడుతోంది.

కోచ్‌ల కొంప ముంచింది రైలు. 1850ల మొదట్లో లండన్-యార్క్ ప్రధాన మార్గం మా ఊరిని వదిలేసి పీటర్‌బరో మీదుగా పోయింది. ఊరి పక్కనున్న బర్లీ ఎస్టేటు జమీందారు అడ్డుపడ్డాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చరిత్రకారులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఎవరి పాపమైనా, పీటర్‌బరో ఫ్యాక్టరీలతో ఉబ్బిపోయింది, స్టాంఫర్డ్ ఎదగలేదు. ఎదగని ఊళ్లో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టే డబ్బెవరికి ఉంటుంది? అందుకే సున్నపురాయి గోడలు, కొలీవెస్టన్ రాతిపలకల కప్పులు అలాగే మిగిలాయి. 1967లో ఇంగ్లండులో మొట్టమొదటి పరిరక్షణ ప్రాంతంగా మా ఊరినే ప్రకటించారు. సినిమావాళ్లు వచ్చి పాతకాలం వీధులు ఇక్కడే తీసుకుంటారు.

1960లో బైపాస్ వచ్చేదాకా లారీలన్నీ ఆ దూలం కిందనుంచే పోయేవి. ఇప్పుడు యార్క్ గది బార్ అయింది. సాయంత్రాలు అక్కడ కూర్చున్నవాళ్లలో యార్క్ పోయేవాడు ఒక్కడూ ఉండడు.