ప్రతుల చరిత్ర: బందరు నుంచి గిట్ వరకు

ఒకే గ్రంథానికి అనేక ప్రతులు ఉన్నప్పుడు ఏది అసలు పాఠమో, ఏది తరువాతి మార్పో తేల్చడం పాత సమస్యే. బందరులో (మచిలీపట్నం) కంపెనీ ఉద్యోగిగా పనిచేసిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు సేకరించి, పాఠభేదాలను పోల్చి, 1829లో ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. ఏ పాఠాన్ని ఎవరు, ఎందుకు మార్చారో మాత్రం ప్రతులు చెప్పవు.

కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలో ఈ లోటును తీర్చినవే వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ ఎస్.సి.సి.ఎస్.ను రూపొందించాడు. తరువాతి సి.వి.ఎస్.లో మార్పుల చరిత్ర అంతా ఒకే కేంద్ర భాండారంలో ఉండేది. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నల్ కోసం గిట్‌ను ప్రారంభించాడు. దీనిలో ప్రతి ఒక్కరి వద్దా పూర్తి చరిత్ర ఉండవచ్చు.

గిట్‌లోని ముఖ్య ఆదేశాలను గమనించండి:

- ఇనిట్: కొత్త భాండారాన్ని ఏర్పరుస్తుంది.
- యాడ్: నమోదు చేయవలసిన మార్పులను ఎంపిక చేస్తుంది.
- కమిట్: ఆ మార్పులను పేరు, తేదీ, వివరణలతో నమోదు చేస్తుంది.
- డిఫ్: రెండు పాఠాల మధ్య తేడాలను చూపుతుంది.
- లాగ్: కమిట్‌ల వరుసను చూపుతుంది.
- క్లోన్: చరిత్రతో సహా మరో ప్రతిని తీస్తుంది.
- పుష్: మన కమిట్‌లను మరో భాండారానికి పంపుతుంది.

1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ఇటువంటి తీరంలో ఉన్న ఒక్క ప్రతినీ ఒకేచోట ఉంచడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. బందరులోని యంత్రం పాడైనా, గుడివాడలో క్లోన్ ఉంటే అంతవరకు జరిగిన పని దక్కుతుంది. అయితే కమిట్ చేసినంత మాత్రాన పని మరోచోటికి చేరదు. పుష్ కూడా చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కమిట్‌కు, పుష్‌కు గల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.