మగ్గానికి చోటిచ్చిన పేట

మద్రాసు శివార్లలో అద్దెకు ఇల్లడిగితే, మగ్గం పేరెత్తగానే తలుపు మూస్తారు. గుంట తవ్వితే నేల పోతుందని, చప్పుడని వాళ్ళ బాధ. మేమూ అలా తిరిగినవాళ్ళమే.

ఒకప్పుడు ఇదే ఊరు నేతగాళ్ళను పిలిచి చోటిచ్చింది. 1734లో గవర్నరు జార్జి మార్టన్ పిట్ కాలంలో, కూవం ఏటి వంపులో, సుంకురామ చెట్టి తోట ఉన్నచోట చింతాద్రిపేట కట్టారు. కుంపిణీకి ఎగుమతి గుడ్డ కావాలి. అందుకని వడికేవాళ్ళను, నేసేవాళ్ళను, అద్దకంవాళ్ళను, చలువ చేసేవాళ్ళను తెచ్చి అక్కడ పెట్టారు. తమిళంలో తరి అంటే మగ్గం. చిన్న తరి పేటే చింతాద్రిపేట అయిందంటారు.

దయతో ఇవ్వలేదు, గుడ్డ కోసం ఇచ్చారు. అయినా ఇంటితోపాటు మగ్గాన్నీ లెక్కలో వేశారు. ఇప్పుడు ఇళ్ళ స్థలాలకు అర్జీ పెట్టేటప్పుడు మన సమాఖ్య గట్టిగా అడగవలసింది అదే: మనిషికే కాదు, మగ్గానికీ చోటు.