అంకెల గళ్లలో ముద్రారాక్షసం: జారిపోయిన అంకె గురించి

అచ్చుతప్పుకు తెలుగువాళ్లు పెట్టుకున్న పేరు ముద్రారాక్షసం. వార్తలో ఒక అక్షరం తారుమారైతే పాఠకుడు నవ్వుకుని, సరిచేసుకుని చదువుకుంటాడు. వాక్యంలోని మిగతా మాటలు అతనికి సాయం వస్తాయి. సుడోకులో అంకె తారుమారైతే అంత సులువు కాదు. తప్పు పత్రికదై ఉంటుందన్న అనుమానమే రాదు, తన లెక్కలోనే ఎక్కడో పొరపాటు జరిగిందనుకుంటాడు. ఒక ఆదివారం ఉదయం నేనూ అలాగే అనుకుని, రబ్బరుతో కాగితం చిరిగేదాకా చెరిపాను. మర్నాడు సమాధానంతో పోల్చి చూస్తే ముందురోజు అచ్చులో ఒక అంకె లేనే లేదని తేలింది. పడిన తప్పు అంకె కన్నా పడకుండా పోయిన అంకే ఎక్కువ ప్రమాదకరమన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

సుడోకు చరిత్ర క్లుప్తంగా. అమెరికాలో డెల్ సంస్థ 1979లో ‘నంబర్ ప్లేస్’ పేరుతో ఈ ఆటను అచ్చువేసింది. దాన్ని కూర్చినవాడు ఇండియానాపొలిస్‌కు చెందిన విశ్రాంత ఆర్కిటెక్టు హోవర్డ్ గార్న్స్ అని తరవాత తేల్చారు. 1984లో జపాన్‌లోని నికోలి ప్రచురణ సంస్థ దాన్ని స్వీకరించింది. సుడోకు అన్న పేరు అక్కడిదే. హాంకాంగ్‌లో న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన వేన్ గూల్డ్ 1997లో టోక్యోలో ఈ పజిళ్లు చూసి, వాటిని తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాసుకున్నాడు. లండన్ ‘ద టైమ్స్’ 2004 నవంబర్ 12న ఆయన పజిల్‌తో సుడోకు మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి అది ప్రపంచంలోని ఎన్నో పత్రికలకు పాకింది, మన తెలుగు దినపత్రికలకూ వచ్చింది.

ఈ ఆటలో పత్రికకూ పాఠకుడికీ మధ్య రాయని ఒప్పందం ఒకటుంది: సమాధానం ఉండి తీరాలి, అది ఒక్కటే అయి ఉండాలి. 2005లో బ్రిటన్‌లోని స్కై వన్ టీవీ తన కార్యక్రమం ప్రచారానికి బ్రిస్టల్ దగ్గర చిప్పింగ్ సాడ్‌బరీలో కొండవాలు మీద 275 అడుగుల చదరంగా సుడోకు చెక్కించింది. బహుమానమూ ప్రకటించింది. తీరా చూస్తే దానికి 1,905 సరైన సమాధానాలు ఉన్నట్లు తేలింది. అది కూర్పులోనే వచ్చిన దోషం. పత్రికల విషయం వేరు. ప్రోగ్రాం సక్రమంగా కూర్చిన పజిల్‌లో అంకెలు సరిగానే ఉంటాయి. పేజీ కట్టేటప్పుడు ఒక గడిలోది చెరిగిపోవచ్చు, పక్క గడిలోకి జరగవచ్చు, మళ్లీ టైపు చేస్తే 3 కాస్తా 8 కావచ్చు.

అంకె మారితే ఏమవుతుంది? చాలాసార్లు అదే వరుసలో అదే అంకె మళ్లీ కనబడి దొంగ దొరుకుతాడు. అక్కడ దొరక్కపోయినా, ఆ ఆధారం (ముందే ఇచ్చిన అంకె) లేకుండానే పూర్తయ్యే పజిలైతే మారిన అంకె పాఠకుణ్ణి ఎక్కడో ఒకచోట తప్పకుండా గోడకు కొట్టిస్తుంది. అంకె జారిపోతే మాత్రం ఏ వరుసలోనూ ఏ నియమమూ చెడదు. 4వ, 5వ అడ్డువరుసలు, 2వ, 8వ నిలువువరుసలు కలిసే నాలుగు గళ్లు తీసుకోండి. సమాధానంలో 4వ వరుసలో 3, 7; 5వ వరుసలో 7, 3 ఉన్నాయనుకుందాం. ఆ నాలుగింటిలో కనీసం ఒకటి ముందే ఇవ్వకపోతే 3ను 7తో మార్చినా అడ్డం, నిలువు, చిన్న చదరం ఏదీ చెడదు. అంటే రెండు సమాధానాలు. ఆ ఒక్క ఆధారమే అచ్చులో జారిపోతే? పాఠకుడు నింపింది సరైనదే, పత్రిక వేసిందీ సరైనదే, రెండూ వేరు!

ఆధారాలు ఎంత తక్కువైతే గండం అంత ఎక్కువ. 17 కన్నా తక్కువ ఆధారాలతో ఏకైక సమాధానం అసాధ్యమని డబ్లిన్‌లో గ్యారీ మెక్‌గ్వైర్ బృందం 2012లో కంప్యూటర్‌తో తేల్చింది. ముప్పైకి పైగా ఆధారాలున్న సులువు పజిల్‌లో ఒకటి పోయినా తక్కినవి ఆదుకునే వీలుంది. ఏ ఆధారమూ అదనంగా లేని పజిల్‌లో ఒక్కటి పోయినా ఏకైకత పోతుంది. ‘కఠినం’ అని ముద్రవేసిన పజిల్‌ను చూసి పాఠకుడు ముందే భయపడతాడు కనుక, అక్కడే పత్రికను అతి తక్కువగా అనుమానిస్తాడు.

తాళపత్రాల పరిష్కర్తలకు ఇది తెలిసిన చిక్కే. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలుండాలి, పదో అక్షరానికి యతి కుదరాలి. లేఖకుడు ఒక అక్షరం మింగితే పాదం కుంటుతుంది, పరిష్కర్త చెవి పట్టుకుంటుంది. గణం, యతి చెడకుండా మాట మారితే అది పాఠాంతరమై తప్పించుకుంటుంది. సుడోకులో జారిన అంకెను పట్టే యతి ఏదైనా ఉందా?

ఉందనే నా అభిప్రాయం. నికోలి తన పజిళ్లకు రెండు కట్టుబాట్లు పెట్టుకుంది: ఆధారాలు 32 మించకూడదు, అవి గళ్ల చదరంలో సౌష్ఠవంగా అమరాలి. ఈ సౌష్ఠవాన్ని అందరూ అలంకారంగానే చూస్తారు. ప్రూఫులు దిద్దేవాడికి అది ఆయుధం. కాగితాన్ని తలకిందులు చేస్తే అంకెలున్న గళ్ల అమరిక మారకూడదు. ఒక అంకె జారినా, పక్క గడిలోకి జరిగినా అమరిక చెడి కంటికి తగులుతుంది. సుడోకు ఆడటం రానివాళ్లయినా పట్టగలరు. నట్టనడిమి గడిలోది పోతే మాత్రం ఈ పరీక్షకు దొరకదు. సౌష్ఠవం పాటించని పజిళ్లు వేసే పత్రిక ఈ కాపలాను చేజేతులా వదులుకుంటున్నట్లే.

కూడికల పజిళ్లకు కాపలా వేరు. వరుసల మొత్తాలే ఆధారాలైన కకురోలో ప్రతి తెల్లగడీ ఒక అడ్డం మొత్తంలోనూ, ఒక నిలువు మొత్తంలోనూ చేరుతుంది. కనుక అడ్డం ఆధారాలన్నీ కూడితే వచ్చేదీ, నిలువువి కూడితే వచ్చేదీ సమానం కావాలి. 12 బదులు 21 పడితే తేడా 9 వస్తుంది. చిట్టా రాసే గుమాస్తాలకు తెలిసిన కిటుకే ఇది. గళ్ల గుంపుల మొత్తాలు ఇచ్చే కిల్లర్ సుడోకులో గళ్లన్నీ గుంపుల్లో ఉంటే ఆధారాల మొత్తం 405 రావాలి. క్యాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల పని.

పజిల్ పేజీ చూసే ఉపసంపాదకులకు ఒక విన్నపం. పేజీ ప్రూఫును మూల ఫైలుతో పోల్చి ఆధారాలు లెక్కపెట్టండి, ఒకసారి తలకిందులు చేసి చూడండి. అయినా తప్పు దొర్లితే మర్నాడు సమాధానం పక్కనే, ఎన్నో వరుసలో ఎన్నో గడిలో ఏ అంకె ఉండాలో వేయండి. లోపలి పేజీ అడుగున వేసే సవరణ పజిల్ పూరించేవాళ్ల కంటపడదు.