ఫోటో వెనుక రాయాల్సిన పేర్లు

మన సంఘం ఈ ప్రత్యేక సంచికతో పాటు ఈ ప్రాంతపు చారిత్రక స్థలాల ఫోటోలతో ఒక భాండాగారం కూడా తయారు చేస్తున్నదని, బిచ్కుంద వైపు నుంచి మా హాస్టల్ పిల్లలు కూడా ఫోటోలు పంపాలని కబురు వచ్చింది. ఒక్కో ఫోటోకు నింపాల్సిన ఫారం కూడా పంపారు. స్థలం పేరు, మండలం, జిల్లా, కాలం, కట్టించిన రాజవంశం. ఐదే గళ్ళు. తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు ముందుకొచ్చారు. ఒక ఆదివారం భోజనాలయ్యాక స్టడీ హాల్లో కూర్చుని, ఏమేం తీయాలో జాబితా రాయడం మొదలుపెట్టాం.

అందరి నోటా మొదట వచ్చిన పేరు కౌలాస్ కోట. జుక్కల్ మండలంలో, మాకు బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరంలోనే ఉంది. తల్లిదండ్రుల సంతకాలు, పైవాళ్ళ అనుమతి అన్నీ చూసుకుని తీసుకెళ్ళాను. (ఆ తిప్పలు తోటి వార్డెన్లకు చెప్పక్కర్లేదు.) కౌలాస్ ఫారం నింపడానికి పది నిమిషాలు పట్టలేదు. 1350 ప్రాంతంలో ఈ కోటను కాపయ నాయకుడు బహమనీ సుల్తాన్ అల్లావుద్దీన్ హసన్‌కు వదులుకున్నాడు. అప్పటి నుంచి ఇది దక్కన్ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత నానాసాహెబ్ తరఫున ఈ ప్రాంతంలో పనిచేసిన రంగారావుతో చేతులు కలిపినందుకు కౌలాస్ రాజా దీప్‌సింగ్ జైలుకు వెళ్ళాడు. రంగారావును అండమాన్ పంపారు. పిల్లలు నవగజీ తోపు పక్కన నిలబడి ఫోటో దిగారు. తోపు పొడవు తెలియడానికి మనిషి పక్కన ఉంటే మంచిదే కదా అని నేనూ ఊరుకున్నాను.

రెండో ఫోటో దగ్గర పెన్ను ఆగింది.

ఒక పిల్ల తన తండా చివర వేపచెట్టు కింద ఉన్న ఏడు రాళ్ళ ఫోటో తెచ్చింది. మన లంబాడీలకు వివరించి చెప్పేది ఏముంది? తుల్జా, మేరామ, సీత్లా, కంకాళి అంటూ మనం కొలిచే ఏడుగురు భవానీలు వాళ్ళు. ఆషాఢంలో సీత్లా పండుగ నాడు తండా మొత్తం పశువులను తోలుకుని అక్కడికే పోతుంది. పశువుకు రోగం రావద్దని, పిల్లలకు అమ్మవారు పోయవద్దని మొక్కుకుంటారు. తండా ఎక్కడ దిగినా మొదట ఆ ఏడు రాళ్ళకు చోటు చూసి, తర్వాతే గుడిసెలు వేసుకునేవారని మా నానమ్మ చెప్పేది. అంటే ఆ రాళ్ళ వయసు ఎంతో తెలిస్తే ఆ తండా వయసు తెలిసినట్టే.

"మేడం, కట్టించిన రాజవంశం గడిలో ఏం రాయాలె?" అని అడిగింది పిల్ల.

నాకు జవాబు తోచలేదు. మనకు 1958లో వచ్చిన ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం ఒక కట్టడం కనీసం వందేళ్ళ నుంచి ఉండాలి. ఏడు రాళ్ళు కట్టడమే కావు. వాటికి ఏటేటా సున్నం, జాజు పూస్తారు. ఒక రాయి పగిలితే ఇంకో రాయి పెడతారు. పురావస్తు శాఖ లెక్కలో అవి రాళ్ళే. వాళ్ళను తప్పు పట్టడం లేదు. కోటను కాపాడటానికి రాసిన చట్టం వేపచెట్టును చూడలేదు, అంతే.

కానీ చరిత్ర చూస్తే ఆ కోటకూ ఈ రాళ్ళకూ సంబంధం లేకపోలేదు. మన పెద్దలు పదిహేడో శతాబ్దంలో మొగల్ సైన్యాల వెంట ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కన్‌కు వచ్చారు. 1803లో మరాఠాల మీద యుద్ధానికి వచ్చిన వెల్లెస్లీ కూడా తన సైన్యపు తిండికి బంజారాల ఎద్దులనే నమ్ముకున్నాడు. ఆ ఎద్దుల వ్యాపారాన్నే మనం లదేణి అంటాం. రైలు వచ్చాక లదేణి పోయింది, తండాలు నేల మీద నిలబడ్డాయి. కౌలాస్ లాంటి కోటల్లో ఉన్నవాళ్ళు తిన్న గింజల్లో కొన్నైనా మన ఎద్దుల వీపు మీద వచ్చి ఉంటాయి కదా అని నేను పిల్లలతో అన్నాను. ఇది నా ఊహ, రికార్డు కాదు. అందుకే ఫారంలో రాయనివ్వలేదు.

మా ప్రాంతానికి కెమెరా కొత్తది కాదు. ఆరో నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్ రాజ్యాన్ని ఫోటోల్లో నింపాడు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టిన మనిషి. ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యి, 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదు అందుకున్నాడు. 1892 నాటి నిజాం రాజ్య దృశ్యాల ఆల్బం ఒకటి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తర్వాత 1914లో హైదరాబాద్ రాజ్యానికి సొంత పురావస్తు శాఖ వచ్చింది. దాని మొదటి డైరెక్టర్ గులాం యజ్దానీ గుళ్ళు, మసీదులు, కోటలు, గుహలు అన్నీ వరుసగా ఫోటోలు తీయించి నివేదికల్లో అచ్చువేయించాడు. ఆ శ్రమ లేకపోతే ఇవాళ చాలా కట్టడాలు ఒకప్పుడు ఎలా ఉండేవో మనకు తెలిసేదే కాదు.

అదే కాలంలో మనలాంటి జాతులను కూడా ఫోటోలు తీశారు, మరో పద్ధతిలో. 1857 తర్వాత దొరలకు ఈ దేశంలో ఎవరెవరు ఉన్నారో, ఎవరు ఎలాంటివాళ్ళో తెలుసుకోవాలనిపించింది. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాల్లో నాలుగు వందలకు పైగా ఫోటోలు లండన్‌లో అచ్చువేశారు. ఫోటో కింద కులం పేరో తెగ పేరో ఉంటుంది. ఆ జాతి గుణం ఇలాంటిది అని పక్కన రాస్తారు. మనుషులు నేరుగా మన కళ్ళలోకి చూస్తుంటారు. వాళ్ళలో చాలామందికి పేరు లేదు. ఆ సంపుటాలు మొదలైన మూడేళ్ళకే, 1871లో, నేరస్థ జాతుల చట్టం వచ్చింది. జాతినంతా ఒకే మాటతో కట్టేసే అలవాటు ఆ ఫోటోల్లోనూ ఉంది, ఆ చట్టంలోనూ ఉంది.

ఇది పాత సంగతి అనుకున్నాను. పిల్లలతో ఒక తండాకు పోయినప్పుడు అక్కడి ముసలామె ఒకరు ఫేటియా, కాంచళి, చేతినిండా గాజులతో గడప మీద కూర్చుని ఉన్నారు. పిల్ల ఫోన్ ఎత్తగానే ఆమె మొహం తిప్పేసుకున్నారు.

"వద్దు బేటీ. ఎన్కట ఒకాయన తీసుకపోయిండు. పట్నంల గోడకు పెద్దగ పెట్టిన్రట, మా మనుమడు చూసిండు. కింద లంబాడీ స్త్రీ అని రాసిన్రట. నా పేరే రాయలే. నాకు పేరు లేదా?"

"మేం రాస్తం యాడీ" అన్నాను.

"ఏడ రాస్తరు?"

ఆ ప్రశ్నకు కూడా ఫారంలో గడి లేదు. చివరికి ఆమే ఒక దారి చెప్పారు. ఫోటో కాగితం మీద ప్రింటు తీయించి, వెనుక ఆమె పేరు, ఆమె తల్లి పేరు, తండా నాయక్ పేరు రాయాలి. ఒక ప్రతి ఆమెకు ఇవ్వాలి. నెట్‌లో మాత్రం పెట్టకూడదు. అందుకే ఈ ఈ-సంచికలో ఆమె ఫోటో లేదు, ఇక్కడ ఆమె పేరూ రాయలేదు. రెండూ మా హాస్టల్ బీరువాలో ఉన్నాయి.

ఈ పని చేస్తున్నన్ని రోజులు నాకు మార్లవాయి గుర్తొస్తూనే ఉంది. టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు హైమన్‌డార్ఫ్ పేరు మొదటిసారి విన్నాను. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి బ్రిటిష్ వాళ్ళ దృష్టిలో శత్రుదేశపు పౌరుడయ్యాడు. దాంతో హైదరాబాద్ రాజ్యం దాటి పోవడానికి వీల్లేకుండా పోయింది. ఆ నిర్బంధమే మనకు కలిసొచ్చింది అనుకోవాలి. ముందు చెంచుల దగ్గర, తర్వాత కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉండి రాశాడు, ఫోటోలు తీశాడు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక నిజాం ప్రభుత్వం గోండుల కష్టాలు తెలుసుకోమని ఆయనకే అప్పగించింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టి, గోండీలో వాచకాలు తయారు చేయించారు. పిల్లకు ఇంటి భాషలో మొదటి పాఠం చెప్పాలన్న మాట మాకు ట్రైనింగ్‌లో కొత్త విషయంలా చెప్పారు. అది మన రాజ్యంలోనే ఎనభై ఏళ్ళ కిందట నడిచిన బడి. ఆయన భార్య బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి కట్టారు. ఇప్పుడు ఆయన సమాధి కూడా పక్కనే ఉంది.

ఆయన ఫోటోలు వేల సంఖ్యలో లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ఉన్నాయి. ఆదిలాబాద్ గోండులు తమ తాతలను చూసుకోవాలంటే లండన్ భాండాగారంలో వెతుక్కోవాలి. అయినా ఉన్నాయి కదా అని అసూయ పడతాను. ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన పుస్తకాల్లో మన లంబాడీల గురించిన పేజీలు చదివితే మనసు చివుక్కుమంటుంది. గోండుల భూముల్లోకి వచ్చినవాళ్ళుగానే ఎక్కువగా కనిపిస్తాం. ఆయన ఉన్నది గోండుల ఇంట్లో, చూసింది వాళ్ళ కిటికీ నుంచి. మన ఇంట్లో కూర్చుని రాసినవాళ్ళు, ఫోటో తీసినవాళ్ళు అంతమంది లేరు. ఆ లోటు ఆయన తీర్చవలసింది కాదు.

ఇక జిల్లా గడి. ఇది తేలికే అనుకున్నాం. కామారెడ్డి అని రాసేశారు పిల్లలు. నేను ఆపాను. కామారెడ్డి జిల్లా వచ్చింది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు నిజామాబాద్. దానికంటే ముందు? పిల్లలకు తెలియదు, మా టీచర్లలో కూడా చాలామందికి తెలియదు. 1956 నవంబర్ 1 వరకు బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉండేవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఈ రెండు సర్కిళ్ళను పేరుపెట్టి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. దెగ్లూర్ బొంబాయి రాష్ట్రంలోకి పోయి, 1960లో మహారాష్ట్ర అయింది. మా ఇంట్లో ముసలివాళ్ళు కోపం వస్తే "దెగ్లూర్ కచేరీకి పోతా" అనేవారు. చిన్నప్పుడు అది సామెత అనుకున్నాను. అది వాళ్ళ తాలూకా ఆఫీసు!

దీని అర్థం ఏమిటంటే, పాత బిచ్కుంద ఫోటో ఒకటి ఏ భాండాగారంలోనైనా ఉంటే, అది నిజామాబాద్ పెట్టెలో దొరకదు. నాందేడ్ పెట్టెలో వెతకాలి. నిజామాబాద్ కింద వెతికి, లేదని తిరిగి వచ్చినవాళ్ళు ఎందరో. ఇవాళ మనం కామారెడ్డి అని ఒక్క మాట రాసి పంపితే, రేపు జిల్లా మళ్ళీ మారితే మన ఫోటోకు కూడా అదే గతి.

ఆ 1956 గీత భాండాగారాలను మాత్రమే విడదీయలేదు. 1976 చట్టంతో తెలంగాణలో ఉన్న లంబాడీలు షెడ్యూల్డ్ తెగల్లో చేరారు. అదే ఇంటి ఆడపడుచు దెగ్లూర్ వైపు తండాకు కోడలుగా పోతే ఆమె పిల్లలు విముక్త జాతి. కర్ణాటకలోని ఔరాద్ వైపు పోతే షెడ్యూల్డ్ కులం. మా హాస్టల్లో అడ్మిషన్ల రోజుల్లో సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చే తల్లులకు ఈ సంగతి చెప్పడం నాకు ఏటా ఒక శిక్ష. మాట్లాడే గోర్ బోలి ఒకటే, తీజ్ బుట్టల్లో మొలిచే గోధుమలు ఒకటే. సర్కారు కాగితం మాత్రం మూడు రకాలు.

మా సొంత తండాలో ఏడు రాళ్ళ ఫోటో కోసం ఇల్లంతా వెతికాను. చాలా ఏళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు వేపచెట్టు పోయింది, రాళ్ళను వేరే చోటికి జరిపారు. పాత చోటు ఫోటో ఒక్కటే దొరికింది, అక్క పెళ్ళి గ్రూప్ ఫోటో. ఎడమ అంచున చెట్టు మొదలు సగం కనిపిస్తుంది. రాళ్ళు చుట్టాల కాళ్ళ వెనుక ఉన్నాయి. మా మేనమామ ధోతీ పక్కన సున్నం పూసిన ఒక రాయి అంచు తెల్లగా కనబడుతుంది. తండా పుట్టిన చోటుకు మా దగ్గరున్న రుజువు అంతే.

అందుకే ఫారం కింద మేమే ఇంకో కాగితం జోడించాం. స్థలాన్ని గోర్ బోలిలో ఏమంటారు, తెలుగులో ఏమంటారు, మరాఠీలో వేరే పేరుందా, 1956కి ముందు ఏ తాలూకా, ఫోటో ఎవరు తీశారు, ఏ రోజు, ఎటు వైపు నిలబడి, స్థలం గురించి ఎవరు చెప్పారు, నెట్‌లో పెట్టడానికి ఒప్పుకున్నారా. పిల్లలు ఫోటోలు మొదట వాట్సాప్‌లో పంపితే చిన్నవైపోయి, తీసిన తేదీ వివరం ఊడిపోయింది. ఇప్పుడు డాక్యుమెంట్‌గా పంపుతున్నారు, లేదా నేరుగా పెన్‌డ్రైవ్‌లో వేస్తున్నారు. ఊళ్ళలో హనుమాన్ గుడి దగ్గర పాత వీరగల్లులు, రాతలున్న బండలు కనిపిస్తే అక్షరాలు బాగా తెలియడానికి సుద్దముక్క రుద్దే అలవాటు మానిపించాను. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ పక్కనుంచి పడేటప్పుడు తీస్తే ఏ సుద్దా లేకుండా అక్షరం లేచి కనబడుతుంది. ఇది చేసి చూస్తేనే నమ్ముతారు. పిల్లలు నమ్మారు.

ఇంతవరకు పద్నాలుగు ఫోటోలు పంపాం. కౌలాస్ కోటవి మూడు, నిజాంసాగర్ ఆనకట్టవి రెండు, మిగతావి తండాలవి. ఏడు రాళ్ళ ఫారంలో రాజవంశం గడిని ఖాళీగా వదలడానికి ఆ పిల్ల ఒప్పుకోలేదు. తండాకు పోయి, వాళ్ళ తాతను అడిగి, మొదటి గుడిసె వేసిన నాయక్ పేరు కనుక్కుని వచ్చింది. గడిలో ఆ పేరే రాసి, పక్కన బ్రాకెట్లో "ఎనభై ఎద్దులు ఉండేవట, తాత చెప్పాడు" అని చేర్చింది. నేను దిద్దలేదు.